కొత్త లాప్‌టాప్ కొనే ముందు బయాస్ తెరిచి చూడమ్మా

ప్రశ్న: సార్, నమస్తే. నేను నరసరావుపేట దగ్గర ఒక కాలేజీలో బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. నాన్న గుంటూరు మిర్చి యార్డులో గుమస్తా. పోయిన ఏడాది 14,000 పెట్టి సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ కొనిచ్చారు. ఏదో పెద్ద ఆఫీసులో వాడి తీసేసిందట. ఐ5-6300యు ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, విండోస్ 10. ఈ సెమిస్టర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ కోసం వర్చువల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఉబుంటు అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోమన్నారు. వేశాను. స్టార్ట్ నొక్కగానే ‘వీటీ-ఎక్స్ ఈజ్ డిజేబుల్డ్ ఇన్ ద బయాస్ ఫర్ ఆల్ సీపీయూ మోడ్స్’ అని ఎర్రర్ వస్తోంది. కొన్న షాపుకే తీసుకెళ్లాం. ‘పాత ప్రాసెసర్ కదా, వర్చువల్ మెషీన్లకు సపోర్ట్ చేయదు, ఇది ఇచ్చేసి కొత్తది తీసుకోండి, పైన 30,000 అవుతుంది’ అన్నారు. నాన్న అప్పు చేసైనా కొంటానంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. నిజంగా మార్చాల్సిందేనా? ఇంకో సందేహం. హైదరాబాద్‌లో ఉన్న మా అన్నయ్య రైజెన్ లాప్‌టాప్ చూస్తున్నాడు. ఏఎండీ వాటిలో వీటీ-ఎక్స్ ఉండదు, తీసుకోవద్దు అని ఫ్రెండ్స్ అంటున్నారట. అది నిజమేనా?
— ఒక విద్యార్థిని, పల్నాడు జిల్లా

జవాబు: అమ్మా, ఇది చదవగానే నాన్నగారికి ఫోన్ చేసి అప్పు మాట పక్కన పెట్టమని చెప్పు. నీ లాప్‌టాప్ మార్చాల్సిన పని లేదు. ఐ5-6300యు ఇంటెల్ 2015లో తెచ్చిన ఆరో తరం ప్రాసెసర్. వీటీ-ఎక్స్ అంటే ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను, అంటే వర్చువల్ మెషీన్‌ను, నడపడానికి ప్రాసెసర్ చేసే సాయం. దానిలో అది ఉంది. మెమరీ పనిని తేలిక చేసే ఈపీటీ కూడా ఉంది. సపోర్ట్ చేయదని షాపులో అన్న మాట తప్పు.

నీకు వచ్చిన ఎర్రర్‌నే ఇంకోసారి నిదానంగా చదువు. అందులో ‘డిజేబుల్డ్’ అని ఉంది, అంటే విండోస్ కంటే ముందు లేచే బయాస్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌లో దాన్ని ఆపి ఉంచారని. ఉన్నదాన్నే ఎవరైనా ఆపగలరు. ప్రాసెసర్‌లో ఆ సౌకర్యమే లేకపోతే వర్చువల్‌బాక్స్ ‘వీటీ-ఎక్స్ ఈజ్ నాట్ అవైలబుల్’ అని వేరే మాట చెబుతుంది. ట్యాప్ కట్టేసి ఉండటం వేరు, ఇంటికి పైపే వేయకపోవడం వేరు కదా. నీది ట్యాప్ కట్టేసి ఉన్న ఇల్లు. ఎర్రర్ రాగానే భయపడి ఓకే నొక్కేయడం మన పిల్లల్లో చాలామందికి అలవాటు. నేను ల్యాబ్‌లో పనిచేసిన ఇన్నేళ్లలో ఎక్కువసార్లు చెప్పిన మాట, ‘ఆ పెట్టెలో ఏముందో ముందు గట్టిగా చదివి వినిపించు’ అన్నదే.

అసలు ఈ వీటీ-ఎక్స్ ఎందుకు కావాలో తెలిస్తే, ఎక్కడ చూడాలో నీకే అర్థమవుతుంది. ఏ ఆపరేటింగ్ సిస్టమైనా కంప్యూటర్ మొత్తం తనదే అనుకుని నడుస్తుంది. ప్రాసెసర్‌లో అత్యధిక అధికారం ఉండే మెట్టును రింగ్ 0 అంటారు, అది అక్కడ కూర్చుంటుంది. నీ లాప్‌టాప్‌లో ఆ కుర్చీలో విండోస్ ఉంది. ఇప్పుడు వర్చువల్‌బాక్స్ లోపల ఉబుంటు వచ్చి అదే కుర్చీ అడుగుతుంది. ఇవ్వలేం, అలాగని కుదరదని చెబితే ఉబుంటు నడవదు. పాత ఇంటెల్ తరహా ప్రాసెసర్లలో ఇంకో చిక్కు ఉండేది. అధికారం లేనివాడు కొన్ని ఆదేశాలు ఇస్తే అవి ‘నీకు హక్కు లేదు’ అని ఆగేవి కావు. ఏమీ జరగనట్టు ఊరుకునేవి, లేదా తప్పు జవాబు ఇచ్చేవి. అద్దెకున్నవాళ్లు మెయిన్ స్విచ్ ఆపితే కరెంటు పోదు, ఇంటి ఓనర్‌కీ తెలియదు, కానీ అద్దెవాళ్లు మాత్రం ఆగిపోయిందనే నమ్మి తీగ పట్టుకుంటారు. అలాంటి పరిస్థితి. పెంటియం ప్రాసెసర్‌ను పరిశీలించినవాళ్లు 2000లో ఇలాంటి ఆదేశాలు 17 ఉన్నాయని లెక్క తేల్చారు. ఐబీఎం పెద్ద మెషీన్లలో 1972 నాటికే వీఎం/370 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో వర్చువల్ మెషీన్లు నడిచాయి. మన బల్లల మీది కంప్యూటర్లకు ఆ సుఖం రావడానికి 30 ఏళ్లకు పైగా పట్టింది.

1999లో వీఎంవేర్ అనే కంపెనీ వాళ్లు దీనికి సాఫ్ట్‌వేర్‌తోనే దారి కనిపెట్టారు. లోపలి సిస్టమ్ నడపబోయే కోడ్‌ను ముందే చదివి, ప్రమాదకరమైన ఆదేశాలను అప్పటికప్పుడు మార్చి రాసి నడిపేవారు. గొప్ప పనే, కానీ ప్రాసెసర్ మీద భారం. తర్వాత ఇంటెల్ 2005 నవంబర్‌లో పెంటియం 4 662, 672 మోడళ్లతో వీటీ-ఎక్స్ తెచ్చింది. మరుసటి ఏడాది ఏఎండీ అదే పనికి ఏఎండీ-వీ తెచ్చింది. వీటితో లోపలి సిస్టమ్‌కు దాని సొంత రింగ్ 0 దొరికింది. అది మెయిన్ స్విచ్ లాంటిదాన్ని ముట్టుకోగానే ప్రాసెసరే ఆపి, బయటి సాఫ్ట్‌వేర్‌కు కబురు పెడుతుంది. ఈ సాయం లేకుండా నడిపే పాత పద్ధతిని వర్చువల్‌బాక్స్ 2019 డిసెంబర్‌లో వచ్చిన 6.1 వెర్షన్ నుంచి తీసేసింది. అందుకే ఈ రోజు నీకు ఎర్రర్ తప్ప, నెమ్మదిగానైనా నడిచే అవకాశం లేదు.

ఇక చెక్ చేసే సంగతి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కు. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. చిన్న పెట్టెలా వస్తే కింద ‘మోర్ డీటెయిల్స్’ నొక్కి, ‘పెర్ఫార్మెన్స్’లో ‘సీపీయూ’ దగ్గరికి వెళ్లు. గ్రాఫ్ కింద, కోర్ల లెక్క పక్కనే ‘వర్చువలైజేషన్’ అనే మాట ఉంటుంది. నీకు అక్కడ ‘డిజేబుల్డ్’ అని కనిపించాలి. అంతటితో ఆగకు, ఇంకాస్త గట్టి సాక్ష్యం ఉంది. స్టార్ట్ మెనూలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, సిస్టమ్, ఇన్ఫో అనే రెండు ఇంగ్లీషు మాటలను మధ్యలో ఖాళీ లేకుండా కలిపి టైప్ చేసి ఎంటర్ కొట్టు. కొద్దిసేపు ఆలోచించి పెద్ద చిట్టా ఇస్తుంది. చిట్టచివర ‘హైపర్-వీ రిక్వైర్‌మెంట్స్’ అని నాలుగు లైన్లు ఉంటాయి. హైపర్-వీ అంటే వర్చువల్ మెషీన్లు నడపడానికి విండోస్‌లోనే ఉండే సాఫ్ట్‌వేర్. మొదటిది ‘వీఎం మానిటర్ మోడ్ ఎక్స్‌టెన్షన్స్’. అది ప్రాసెసర్‌లో సౌకర్యం ఉందా లేదా అని చెప్పేది. రెండోది ‘వర్చువలైజేషన్ ఎనేబుల్డ్ ఇన్ ఫర్మ్‌వేర్’. అది ఆ సౌకర్యాన్ని బయాస్ తెరిచి ఉంచిందా లేదా అని చెప్పేది. మొదటి లైన్‌లో ‘యస్’, రెండో లైన్‌లో ‘నో’ వస్తే, నేను పైన చెప్పిన ట్యాప్ కథే. ఆ స్క్రీన్‌ను ఫోన్‌తో ఫొటో తీసి నాన్నగారికి పంపు. షాపువాళ్లతో వాదించాల్సిన అవసరం కూడా ఉండదు.

మిగతా రెండు లైన్లలో ‘సెకండ్ లెవల్ అడ్రస్ ట్రాన్స్‌లేషన్’ అన్నది నేను ఇందాక చెప్పిన ఈపీటీయే. విండోస్ 10లో హైపర్-వీ నడవాలంటే అది తప్పనిసరి. నీ ప్రాసెసర్‌లో ఉంది కాబట్టి ఇబ్బంది లేదు.

ఇప్పుడు ఆ ట్యాప్ ఎక్కడుందో చూద్దాం. కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్ కంటే ముందు బయాస్ లేస్తుంది. ప్రాసెసర్‌లో ఒక చిన్న రిజిస్టర్ ఉంటుంది. వీటీ-ఎక్స్ వాడుకోవచ్చా లేదా అన్నది బయాస్ అందులో రాసి, దానికి తాళం వేస్తుంది. తాళం పడ్డాక, మళ్లీ రీసెట్ అయ్యేదాకా దాన్ని విండోస్ కూడా మార్చలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకో, ఎందుకంటే ‘ఒక్క క్లిక్‌తో వీటీ ఎనేబుల్ చేసే టూల్’ అంటూ డౌన్‌లోడ్‌లు ఎదురవుతాయి. విండోస్ లోపల నడిచే ఏ టూలూ ఆ తాళం తీయలేదు. అలాంటి వాటిని ఇన్‌స్టాల్ చేస్తే వైరస్ తెచ్చుకోవడమే అవుతుంది, దయచేసి ముట్టుకోవద్దు.

అంత మంచి సౌకర్యాన్ని ఆపి ఉంచడమెందుకు అని నీకు అనిపించవచ్చు. మొదట్లో తయారీదారులకు ఒక భయం ఉండేది. 2006లో జొవాన్నా రుట్కోవ్‌స్కా అనే భద్రతా పరిశోధకురాలు, నడుస్తున్న విండోస్‌ను దానికే తెలియకుండా వర్చువల్ మెషీన్‌లోకి దించేసే ‘బ్లూ పిల్’ అనే ప్రోగ్రామ్‌ను ప్రదర్శించి చూపించారు. అడిగినవాళ్లే తెరుచుకుంటారులే అని మూసి పంపే అలవాటు ఆ రోజుల్లో బలంగా ఉండేది. ఆఫీసు లాప్‌టాప్‌లలో ఐటీ విభాగం వాళ్లే ఆపించడమూ ఉంది. నీది ఆఫీసులో వాడి తీసేసినదే కాబట్టి అలాగే జరిగి ఉండవచ్చు.

బయాస్‌లోకి వెళ్లే ముందు ఒక జాగ్రత్త. స్టార్ట్ మెనూలో ‘మేనేజ్ బిట్‌లాకర్’ అని వెతుకు. డ్రైవ్‌లోని ఫైళ్లకు తాళం వేసే విండోస్ సౌకర్యం అది. సి డ్రైవ్‌కు బిట్‌లాకర్ ఆన్ అయి ఉంటే, దాని రికవరీ కీ అనే 48 అంకెలను ముందు ఒక కాగితం మీద రాసి పెట్టుకో. లేదా అక్కడే ‘సస్పెండ్’ నొక్కు. బయాస్‌లో సెట్టింగ్ మారిస్తే బిట్‌లాకర్ అనుమానపడి కీ అడిగే అవకాశం ఉంది. కీ లేకపోతే నీ ఫైళ్లన్నీ లోపలే ఉండిపోతాయి. ల్యాబ్ పరీక్షకు ముందు రోజు ఇలా ఇరుక్కుని ఏడ్చిన పిల్లలను చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నీ లాప్‌టాప్ ఏ కంపెనీదో రాయలేదు. అందుకని ఏ కీ నొక్కాలో వెతుక్కోకుండా వెళ్లే దారి చెబుతాను. సెట్టింగ్స్‌లో ‘అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ’, అందులో ‘రికవరీ’, అక్కడ ‘అడ్వాన్స్‌డ్ స్టార్టప్’ కింద ‘రీస్టార్ట్ నౌ’ నొక్కు. నీలం తెర వస్తుంది. ‘ట్రబుల్‌షూట్’, తర్వాత ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’, తర్వాత ‘యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్’. ఆ చివరిది కనిపించకపోతే విండోస్‌ను పాత పద్ధతిలో ఇన్‌స్టాల్ చేసి ఉంటారు. అప్పుడు మాత్రం లాప్‌టాప్ ఆన్ చేసిన వెంటనే కీ నొక్కాలి. డెల్ అయితే ఎఫ్2, హెచ్‌పీ అయితే ఎఫ్10, థింక్‌ప్యాడ్ అయితే ఎఫ్1. లోపల ఆ సెట్టింగ్ పేరు కూడా కంపెనీని బట్టి మారుతుంది. డెల్‌లో ‘వర్చువలైజేషన్ సపోర్ట్’ అనే విభాగమే ఉంటుంది. థింక్‌ప్యాడ్‌లో ‘సెక్యూరిటీ’ కింద ఉంటుంది. మరికొన్నింటిలో ‘అడ్వాన్స్‌డ్’ లేదా ‘సిస్టమ్ కాన్ఫిగరేషన్’ కింద ‘ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ’ అని ఉంటుంది. దాన్ని ‘ఎనేబుల్డ్’ చేసి, సేవ్ చేసి బయటికి రా.

దాని పక్కనే ‘వీటీ-డీ’ అని ఇంకోటి కనిపించవచ్చు. పేర్లు దగ్గరగా ఉన్నాయని చాలామంది దాన్ని ఆన్ చేసి అసలుదాన్ని వదిలేస్తారు. వీటీ-డీ అనేది గ్రాఫిక్స్ కార్డు లాంటి పరికరాలను నేరుగా వర్చువల్ మెషీన్‌కు అప్పగించడానికి. నీ ల్యాబ్‌కు దానితో పని లేదు. మిగతా సెట్టింగులు ఏవీ కదపకు.

సేవ్ చేశాక లాప్‌టాప్‌ను ఒకసారి పూర్తిగా ఆపి ఆన్ చేయి. విండోస్‌లో మామూలు షట్‌డౌన్ కొడితే ఫాస్ట్ స్టార్టప్ వల్ల అది సగం నిద్రే పోతుంది. షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ నొక్కితే పూర్తిగా ఆగుతుంది. పది సెకన్లు ఆగి ఆన్ చేసి, మళ్లీ టాస్క్ మేనేజర్ చూడు. ‘వర్చువలైజేషన్: ఎనేబుల్డ్’ అని కనిపిస్తే సగం ల్యాబ్ అయిపోయినట్టే.

ఒకే ఒక్క చోట నువ్వు ఆగిపోయే ప్రమాదం ఉంది. బయాస్ పాస్‌వర్డ్ అడగవచ్చు, లేదా లోపలికి వెళ్లనిచ్చినా ఆ సెట్టింగ్ బూడిద రంగులో కదలకుండా ఉండవచ్చు. ఆఫీసుల నుంచి వచ్చిన లాప్‌టాప్‌లలో ఇది మామూలే. సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెట్టి, తీయకుండానే అమ్మేస్తారు. అలా జరిగితే తప్పు నీది కాదు, నీ ప్రాసెసర్‌దీ కాదు. కొన్న షాపుకే వెళ్లి, ‘బయాస్ పాస్‌వర్డ్ తీసి ఇవ్వండి’ అని ఆ ఒక్క మాటే అడగండి. అమ్మినవాళ్ల బాధ్యత అది. కొత్తది కొనడం గురించి వాళ్లు ఎత్తినా మీరు మాత్రం ఆ ఒక్క మాట మీదే నిలబడండి. ఇంటర్నెట్‌లో దొరికే అడ్డదారి పాస్‌వర్డులు వరుసగా కొట్టి చూడటం, లాప్‌టాప్ విప్పి చిప్‌లు గెలకడం మాత్రం వద్దు. కొన్ని మోడళ్లలో అలా చేస్తే బోర్డే పనికిరాకుండా పోతుంది.

సెట్టింగ్ ఆన్ అయ్యాక కూడా వర్చువల్ మెషీన్ మరీ నత్తనడక నడిస్తే వర్చువల్‌బాక్స్ విండో కింద, కుడివైపు చివర చూడు. ఆకుపచ్చ తాబేలు బొమ్మ ఉందంటే, విండోస్ తన సొంత హైపర్-వీని ముందే నడిపిస్తోందని అర్థం. వీటీ-ఎక్స్‌ను అది పట్టుకుంది, వర్చువల్‌బాక్స్ దాని దయ మీద నడుస్తోంది. ఈ స్థితిలో సిస్టమ్‌ఇన్ఫో కూడా నాలుగు లైన్ల బదులు ‘ఎ హైపర్‌వైజర్ హాజ్ బీన్ డిటెక్టెడ్’ అని ఒకే మాట చెబుతుంది. హైపర్‌వైజర్ అంటే వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్. అది చూసి సపోర్ట్ లేదని చాలామంది అపార్థం చేసుకుంటారు. నిజానికి అది ఉన్నదని చెప్పే సాక్ష్యమే. లేకపోతే హైపర్‌వైజర్ లేచేదే కాదు.

తాబేలు కనిపిస్తే ‘టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్’ తెరిచి హైపర్-వీ, వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫాం, విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫాం మూడింటికీ టిక్ తీసి రీస్టార్ట్ చేయి. డాకర్ కానీ, విండోస్‌లోనే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ 2 కానీ వాడుతుంటే మాత్రం ఇలా చేయకు, అవి ఆగిపోతాయి. ఇంకా తాబేలు పోకపోతే విండోస్ సెక్యూరిటీలో ‘కోర్ ఐసోలేషన్’ కింద ఉండే ‘మెమరీ ఇంటెగ్రిటీ’ కారణం కావచ్చు. అది నీ కంప్యూటర్ భద్రత కోసం పనిచేసేది. వీడియోల్లో దాన్ని ముందుగానే ఆపేయమంటారు, నేను అలా చెప్పను. కాస్త నెమ్మదైనా పని జరుగుతుంటే దాన్ని అలాగే ఉండనివ్వు.

ఆన్ చేసిన సెట్టింగ్ కొన్నాళ్లకు దానంతట అదే ఆఫ్ అయితే? మా ల్యాబ్‌లో ఒక ఎండాకాలం ఇదే జరిగింది. 30 డెస్క్‌టాప్‌లలో ఆరు మాత్రం ప్రతి సోమవారం మొండికేసేవి. వీటీ ఆన్ చేసేవాళ్లం, వారమంతా నడిచేవి, మళ్లీ సోమవారం అదే ఎర్రర్. ఎవరో విద్యార్థులు కావాలని మారుస్తున్నారని అనుమానించాం. ఒక అబ్బాయిని పిలిచి గట్టిగా అడిగాను కూడా. తీరా చూస్తే వాటి గడియారాలన్నీ కొన్నేళ్లు వెనక్కి చూపిస్తున్నాయి. మదర్‌బోర్డు మీద ఉండే సీఆర్2032 బటన్ బ్యాటరీ అయిపోయింది. శనివారం సాయంత్రం మెయిన్ ఆపగానే బయాస్ తన సెట్టింగులు మరిచిపోయి, ఫ్యాక్టరీలో పెట్టిన స్థితికి వెళ్లిపోతోంది. గోడ గడియారాల షాపులో దొరికే బ్యాటరీ అది. మార్చాక ఒక్కసారి కూడా సమస్య రాలేదు. ఆ అబ్బాయికి నేను క్షమాపణ చెప్పాను. కాబట్టి నీ లాప్‌టాప్ తేదీ తప్పు చూపించడం, వీటీ ఆగిపోవడం రెండూ కలిసి వస్తే బ్యాటరీ వైపు చూడు.

షాపువాళ్లు ‘పాత ప్రాసెసర్’ అన్న మాట ఏ ప్రాసెసర్లకు వర్తిస్తుందో కూడా చెబుతాను, నీ స్నేహితుల్లో ఎవరికైనా ఉపయోగపడవచ్చు. కోర్ 2 కాలంలో ఇంటెల్ ఒకే కుటుంబంలో కొన్నింటికి ఇచ్చి కొన్నింటికి ఇవ్వలేదు. కోర్ 2 డ్యువో ఈ8400లో వీటీ-ఎక్స్ ఉంది, ఈ8190లో లేదు. కోర్ 2 క్వాడ్ క్యూ6600లో ఉంది, దాని తర్వాత వచ్చిన క్యూ8200లో లేదు. చిన్న నెట్‌బుక్‌లలో వచ్చిన ఆటమ్ ఎన్270లో లేదు. 64 బిట్ ప్రాసెసర్ అయితే వీటీ ఉన్నట్టే అనుకోవడానికీ లేదు, అవి రెండు వేర్వేరు విషయాలు. అలాంటి పాత మెషీన్ చేతిలో ఉంటే మోడల్ నంబర్‌తో ఇంటెల్ సొంత ఉత్పత్తుల పేజీలో వెతకాలి. అక్కడ ‘ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ’ ఎదురుగా ‘నో’ అని ఉంటే, బయాస్‌లో ఎంత వెతికినా లాభం లేదు. కోర్ ఐ3, ఐ5, ఐ7 పేర్లతో వచ్చినవాటికి ఆ బాధ లేదు.

నీ లాప్‌టాప్ వయసు ఒక్క విషయంలో మాత్రం అడ్డే. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అధికారికంగా అనుమతి ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ల్యాబ్ అయ్యాక, చేతికి అలవాటయ్యాక, ఉబుంటునే నేరుగా ఆ లాప్‌టాప్‌లో వేసుకోవడం గురించి ఆలోచించు. లినక్స్‌లో వర్చువల్ మెషీన్లు నడిపే కేవీఎం 2007 నుంచి కెర్నల్‌లోనే భాగం. అక్కడ చెక్ చేయడం ఇంకా తేలిక. టెర్మినల్‌లో ఎల్, ఎస్, సి, పి, యు అనే ఐదు అక్షరాలు చిన్నబడిలో కొడితే ‘వర్చువలైజేషన్: వీటీ-ఎక్స్’ అనే లైన్ కనిపిస్తుంది. ఫ్లాగ్‌ల వరుసలో ఇంటెల్‌కైతే వీఎంఎక్స్, ఏఎండీకైతే ఎస్‌వీఎం అని ఉంటుంది. ఉబుంటులో సీపీయూ-చెకర్ అనే ప్యాకేజీ వేసుకుంటే వచ్చే కేవీఎం-ఓకే అనే కమాండ్, బయాస్‌లో ఆపి ఉంటే ఆ సంగతి కూడా చెబుతుంది.

మీ అన్నయ్య సంగతి. రైజెన్‌లో వీటీ-ఎక్స్ ఉండదన్న మాట అక్షరాలా నిజమే, కానీ తీసుకోవద్దన్న సలహా తప్పు. వీటీ-ఎక్స్ అనేది ఇంటెల్ పెట్టుకున్న పేరు. అదే పని చేసేదానికి ఏఎండీ పెట్టుకున్న పేరు ఏఎండీ-వీ. రైజెన్‌లన్నింటిలో అది ఉంది. బయాస్‌లో మాత్రం ‘ఎస్‌వీఎం మోడ్’ అని ఇంకో పేరుతో ఉంటుంది. వీటీ అని వెతికి, కనిపించక, లేదనుకుంటారు. ఈ గందరగోళమంతా ఆ మూడు పేర్ల వల్ల వచ్చిందే. అన్నయ్య సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో సెకండ్‌హ్యాండ్ చూస్తున్నా, కొత్తది షోరూమ్‌లో చూస్తున్నా, డబ్బు ఇచ్చే ముందు టాస్క్ మేనేజర్ తెరిచి ఆ లైన్ చూపించమనాలి. ‘డిజేబుల్డ్’ ఉంటే అక్కడే బయాస్‌లోకి వెళ్లి ఆన్ చేసి చూపించమనాలి. పాస్‌వర్డ్ అడిగి షాపువాళ్లు తెల్లముఖం వేస్తే ఆ లాప్‌టాప్ అక్కడే వదిలి రావాలి. ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో కోసమైతే 16 జీబీ ర్యామ్ చూసుకోమను. 8 జీబీలో ఎమ్యులేటర్, అంటే తెర మీద నడిచే ఉత్తుత్తి ఫోన్, లేస్తుంది కానీ, దానితో పాటు బ్రౌజర్ తెరిస్తే ఊపిరాడదు. అంత డబ్బు లేకపోతే తన ఫోన్‌నే యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి యాప్ పరీక్షించుకోవచ్చు, దానికి వర్చువలైజేషన్ అక్కర్లేదు.

నీ ఉబుంటుకు 8 జీబీలో 4 జీబీ కంటే ఎక్కువ ఇవ్వకు, విండోస్ కూడా బతకాలి. ప్రాసెసర్లు రెండు ఇవ్వు. నీ ప్రాసెసర్‌లో ఉన్నవి రెండే అసలు కోర్లు, నాలుగు కనిపించినా నాలుగూ ఇచ్చేయకు. ఉబుంటు లేచాక లోపల టెర్మినల్‌లో ఆ ఐదక్షరాల కమాండ్ కొట్టి చూడాలని నీకు తప్పకుండా అనిపిస్తుంది. అక్కడ ‘వర్చువలైజేషన్: వీటీ-ఎక్స్’ లైన్ కనిపించదు. దాని బదులు ‘వర్చువలైజేషన్ టైప్: ఫుల్’ అని ఉంటుంది. కంగారు పడి మళ్లీ బయాస్‌కు వెళ్లకు. నువ్వు అడుగుతున్నది వర్చువల్ మెషీన్‌ను, అది తన లోపల ఇంకో వర్చువల్ మెషీన్ నడపలేనని చెబుతోంది, అంతే. నీ ల్యాబ్‌కు అది అవసరం లేదు.